విన్నది విన్నట్లు వ్రాయువాని విద్య
(పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పిల్లల పాటలును నాటకమును ముగిసిన తరువాత ఒక ముసలివాని ఉపన్యాసము వినుటకు మీరు కూర్చుండి యుండుట మీ ఔదార్యము. కార్యదర్శిగారు నాకు అరగంట కాలము ఇచ్చినారు. నేను ఇరువది నిమిషములే తీసికొందును. కాలమును లెక్కించుట నాకు వృత్తివలన అబ్బిన అలవాటు. నిమిషమునకు ఎన్ని మాటలు అన్నదే మా జీవితము.

నేను 1983లో ఉద్యోగమున ప్రవేశించి, ముప్పది సంవత్సరములకు పైగా తమిళనాడు సరిహద్దు ప్రాంతపు న్యాయస్థానములలో స్టెనోగ్రాఫరుగా పని చేసితిని. మన పాఠశాలలో తెలుగు చదివి, ఊరిలో తమిళము నేర్చి, ఇన్‌స్టిట్యూటులో ఆంగ్ల షార్ట్‌హాండు అభ్యసించి ఆ కొలువునకు పోయితిని. ఇప్పటికిని తండ్రులు కొందరు మా ఇంటికి వచ్చి, "అయ్యా, మా అమ్మాయి టైపు హయ్యరు, షార్ట్‌హాండు హయ్యరు ప్యాసయినది. ఇక చదువవలసినది ఏమియు లేదు గదా?" అని అడుగుచుందురు. ఆ ప్రశ్నకే నేడు బహిరంగముగా సమాధానము చెప్పదలచితిని.

పరీక్ష ప్యాసగుట ఈ వృత్తికి వాకిలి మాత్రమే. కేంద్రప్రభుత్వపు స్టాఫ్ సెలక్షన్ కమిషనువారు స్టెనోగ్రాఫరు పదవులకు తరగతిని బట్టి నిమిషమునకు 80 మాటలు, 100 మాటలు అడుగుదురు. సుప్రీంకోర్టులో షార్ట్‌హాండు తెలిసిన కోర్టుమాస్టరు పదవికి 120 మాటల వేగము కావలెను. ఈ వేగము చేతికి సంబంధించినది, సాధనచేత వచ్చును. కాని న్యాయస్థానమున మన చేతికంటె ముందు మన చెవియు, మన బుద్ధియు పరీక్షకు నిలుచును. ఆ పరీక్షలో నేను ఒకసారి తప్పితిని. ఆ సంగతి దాచుకొనక చెప్పెదను.

నేను కొలువులో చేరిన కొలది కాలమునకే ఒక గడ్డివామి దగ్ధమైన కేసు విచారణకు వచ్చెను. ముద్దాయి ఇరువది యేండ్ల కుర్రవాడు. సాక్షి ఒక తెలుగు వృద్ధురాలు; ఆమెకు తమిళము అంతంతమాత్రము. న్యాయాధికారిగారికి తెలుగు రాదు. కావున తెలుగెరిగిన నన్నే దుబాసిగా నిలిపి, నేను తమిళమున చెప్పినదానిని వ్రాయించిరి. ఆమె, "వాడు ఆ రాత్రి వామికాడికి పోయినాడంట" అనెను. నేను త్వరలో, "వాడు ఆ రాత్రి వామి దగ్గరకు పోయినాడు" అని తమిళమున చెప్పితిని. అట్లే వ్రాయబడినది.

సాక్ష్యము ముగిసిన పిదప వ్రాసినదానిని సాక్షికి చదివి వినిపింపవలెనని, ఆ భాష ఆమెకు తెలియనిచో తెలిసిన భాషలో చెప్పవలెనని చట్టము. నేను చదివి తెలుగున చెప్పితిని. ఆమె చేయి అడ్డముగా ఊపి, "నేను చూసినానని యాడ చెప్తిని నాయనా? పోయినాడంట అంటిని గదా! నా కండ్లు చూడని మాట నా నోట పెట్టొద్దు" అనెను. న్యాయాధికారిగారు, "ఏమనుచున్నది?" అని నన్ను అడిగిరి. నా నాలుక తడి ఆరినది. "ఆమె చెప్పినది నిజము. తప్పు నాది" అని విన్నవించుకొంటిని. వాక్యము సరిదిద్దబడినది.

ఆ కేసు తీర్పు ఏమైనదని మీరడుగవచ్చును. తీర్పు వచ్చునప్పటికి నేను వేరొక ఊరికి బదిలీ అయితిని. నన్ను ఇప్పటికిని బాధించునది ఆ కేసు కాదు. ఆమె అడ్డు చెప్పినది కనుక ఒక తప్పు దొరకినది. అడ్డు చెప్పని సాక్షుల వాక్యములలో నేను ఎన్నిటిని అట్లు జారవిడిచితినో నాకు తెలియదు.

తల్లిదండ్రులారా! "పోయినాడు" అన్నదానికిని "పోయినాడట" అన్నదానికిని నడుమ ఉన్నది ఒక్క అక్షరము. మొదటిది కన్నులార చూచినవాని మాట. రెండవది ఇతరులు చెప్పగా విన్నవాని మాట. చూచినదానిని చూచినవాడే చెప్పవలెనన్నది 1872నాటి సాక్ష్యచట్టములోని నియమము. 2023లో చేసిన భారతీయ సాక్ష్య అధినియమము కూడ దానిని నిలుపుకొన్నది. ఆ ఒక్క "ట"ను మింగివేసినచో వినికిడి మాట ప్రత్యక్షసాక్ష్యమగును. ఒక మనిషి స్వేచ్ఛ దానిపై ఆధారపడవచ్చును.

ఇందులో మన బిడ్డలకు గల బలము కూడ కలదు. మనము "వచ్చినాడట" అన్నదానిని తమిళులు "వందానాం" అందురు. కన్నడిగులు "బందనంతె" అందురు. మూడు భాషలకును ఆ సూక్ష్మము తెలియును. ఆంగ్లమున దానిని ఒక్క అక్షరముతో చెప్పలేము; "వచ్చినాడని నాకు చెప్పిరి" అని విడదీసి వ్రాయవలెను. అట్లే మనము "మామ" అన్నచో మేనమామయో, పిల్లనిచ్చిన మామయో తెలిసికొనక వ్రాయరాదు. "మొన్న" అన్నచో నిన్నటికి ముందుదినమా, కొన్నాళ్ల క్రిందటనా? "కొట్టినాడు" వేరు, "కొట్టబోయినాడు" వేరు. ఇంటి భాషను, వీథి భాషను రెంటిని శ్రద్ధగా నేర్చిన బిడ్డకు ఈ భేదములు చెవిని తట్టును. హోసూరులోనైనను, బళ్లారిలోనైనను, రాయగడలోనైనను, షోలాపురములోనైనను తెలుగువారు సాక్షులై నిలుచుచునే యున్నారు. వారి మాట చెడకుండ వ్రాయువారు కావలెను.

ఆ వృద్ధురాలు నాకు బుద్ధి చెప్పిన దినమున నేను నేర్చుకొనుటకు ఎచటికి పోవలెనో నాకు తోచలేదు. సర్టిఫికెట్టు చేతికిచ్చినవారి పని అంతటితో తీరినది. మాకొక ఉద్యోగసంఘము ఉండెను. నేను అందులో సభ్యుడనే. జీతభత్యములు, బదిలీలు, పదోన్నతులు అందు చర్చింపబడెడివి. అవి అవసరమైన పనులే; వానివలన నేనును లాభము పొందితిని. కాని "వృత్తిని ఇంకను బాగుగ చేయుటెట్లు?" అన్న ప్రశ్న ఆ సమావేశములలో ఏనాడును వినలేదు. కడకు మేము నలుగురము స్నేహితులము ఆదివారము ఉదయమున ఒకరింట కూడుకొని, ఒకరు చదువగా తక్కినవారము వ్రాసి, ఒకరి తప్పులు ఒకరము దిద్దుకొనుచు వచ్చితిమి. మందుల పేర్లు, గాయముల పేర్లు, భూమి కొలతల మాటలు ఒక నోటుపుస్తకమున చేర్చుకొంటిమి. మాకు తెలియకయే మేము చేసినది ఒక చిన్న విద్యాసంఘము.

ఇదే పనిని ఒక దేశపు లేఖకులు పెద్దయెత్తున ఎట్లు జరుపుకొనుచున్నారో తరువాత చదివి తెలిసికొంటిని. అమెరికాలో న్యాయస్థాన లేఖకులు 1899లో ఒక జాతీయసంఘముగా ఏర్పడిరి. మొదట దానికి నేషనల్ షార్ట్‌హాండ్ రిపోర్టర్స్ అసోసియేషన్ అని పేరు. నేడు నేషనల్ కోర్ట్ రిపోర్టర్స్ అసోసియేషన్. వారిలో పెక్కుమంది వ్రాయునది కలముతో కాదు. స్టెనోటైపు అను 22 మీటల చిన్న యంత్రముపై అనేక మీటలను ఒక్కసారి నొక్కి, ఒక్క తాకిడిలో ఒక అక్షరసమూహమును వ్రాయుదురు. కావున వారి వేగమును మన పెన్సిలు వేగముతో పోల్చరాదు.

ఆ సంఘమువారు ఇచ్చు గౌరవపదములలో ఒకటి రిజిస్టర్డ్ ప్రొఫెషనల్ రిపోర్టరు. దానికి మూడు వేగపరీక్షలు కలవు: సాధారణ ఉపన్యాసము నిమిషమునకు 180 మాటలు, న్యాయాధిపతి జూరీకి చేయు బోధ 200 మాటలు, సాక్షిని ప్రశ్నించు సంభాషణ 225 మాటలు. ఒక్కొక్కదానిలో నూటికి 95 పాళ్లు సరిగా ఉండవలెను. వీనికి తోడు వృత్తిజ్ఞానమున వ్రాతపరీక్ష యొకటి.

ఇంతవరకు ఆశ్చర్యమేమియు లేదు. నన్ను ఆకర్షించినది తరువాతి నియమము. ఆ గౌరవపదము ఒకసారి వచ్చినచో జన్మాంతము నిలుచునది కాదు. సంఘమున సభ్యత్వము నిలుపుకొనవలెను. మూడేండ్ల కొకసారి 3 విద్యాప్రమాణములు, అనగా సుమారు 30 గంటల చదువు, పూర్తి చేసినట్లు చూపవలెను. లేనిచో ఆ అక్షరములను పేరు ప్రక్క వ్రాసికొను హక్కు పోవును. వైద్యపదములు, చట్టములోని మార్పులు, క్రొత్త యంత్రములు, వృత్తిధర్మము మున్నగునవి ఆ చదువులోని విషయములు. పక్షపాతము లేకుండుట, రహస్యము కాపాడుట, తనకు సంబంధమున్న వ్యవహారమైనచో ముందే చెప్పుట అను నియమములును ఆ సంఘమువారు వ్రాసికొని యున్నారు.

దీనిని నేను గుడ్డిగా మెచ్చుకొనుట లేదు. సభ్యత్వరుసుము, తరగతుల రుసుము క్రొత్తవారికి భారమగును. గంటలు లెక్కకు చూపుటకై కూర్చుండి కునుకుతీయువారు ఏ దేశమునందైనను ఉందురు. పట్టికలో పేరున్నంతమాత్రమున విద్య రాదు. అయినను, "నీ విద్యకు గడువు కలదు, దానిని మరల క్రొత్తగా చేసికొనుము" అని తోటి వృత్తివారే చెప్పుట గొప్ప సంగతి. అధికారి చెప్పినచో అది ఆజ్ఞ. తోటివాడు చెప్పినచో అది మర్యాద.

మనకు అట్టి నిర్బంధము లేదు కదా అని ఊరకుండువారికి ఒక ఉదాహరణము చెప్పెదను. 2024 జూలై 1వ తేదీన మన దేశమున మూడు పెద్ద చట్టములు ఒక్కసారి మారినవి. హత్యానేరమునకు శిక్ష అనగా 302వ సెక్షను అని, మోసమనగా 420 అని మా తరమువారి చేతికి కంఠస్థము. నేడు భారతీయ న్యాయసంహితలో హత్యకు శిక్ష 103వ సెక్షను, మోసము 318. పాత కేసులు పాత సెక్షనులతోనే నడచుచుండగా, క్రొత్త కేసులు క్రొత్త అంకెలతో వచ్చుచున్నవి. రెండును తెలియని లేఖకుడు ఎట్లు వ్రాయును? చదువు ముగిసినదనుకొన్నవాని చదువును ఆ జూలై మాసము మరల మొదటికి తెచ్చినది.

యంత్రముల మాట కూడ చెప్పక తప్పదు. 2023 ఫిబ్రవరి 21వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగధర్మాసనము ఎదుట జరిగిన వాదములను కృత్రిమమేధతో వెంటవెంటనే అక్షరములలోనికి మార్చు ప్రయోగమును ఆరంభించిరి. తీర్పులను భారతీయభాషలలోనికి అనువదించుటకు సువాస్ అను సాధనమును 2019లోనే ప్రవేశపెట్టిరి. "అయినచో మా బిడ్డకు ఈ విద్య యెందుకు?" అని మీరడుగుట న్యాయమే. కొలువులు తరగవని నేను మాట ఇవ్వజాలను. ఇచ్చినచో అది కల్లయగును. కాని యంత్రము వ్రాసినదానిని ఎవరో ఒకరు చదివి సరిచూడవలెను. వృద్ధురాలి నోట "ట" వినబడినదా లేదా అని తేల్చువాడు రెండు భాషలును, చట్టమును ఎరిగినవాడై యుండవలెను. చేతివేగము ఒక్కటే నేర్చినవానికి యంత్రము పోటీ. మాట విలువ నేర్చినవానికి అది పనిముట్టు.

ఇక నేను మిమ్ము కోరునవి మూడు.

మొదటిది: ఇంట పది నిమిషములు బిడ్డకు తెలుగున చదివి వ్రాయించుడు, మరునాడు రాష్ట్రభాషలో వ్రాయించుడు. తప్పులు లెక్కించుటతో ఆగక, మారిన అక్షరమువలన అర్థమెట్లు మారినదో అడుగుడు. ఒక భాష కొరకు ఇంకొక భాషను విడువనీయకుడు.

రెండవది: బిడ్డ ఏ వృత్తిలో చేరినను, జీతమెంత అని అడిగిన పిమ్మట ఇంకొక ప్రశ్న అడుగుడు: "నీ వృత్తివారి సంఘమేది? అందులో ఏమి నేర్చుకొనుచున్నావు?" సంఘము లేనిచో నలుగురిని కూర్చుకొనుమని చెప్పుడు. మా ఆదివారపు కూటమికి కావలసినవి ఒక గది, ఒక గడియారము, నాలుగు పెన్సిళ్లు మాత్రమే.

మూడవది మన సంఘమునకు: ఆదివారము ఉదయమున ఈ పాఠశాలలో ఒక గది తెరచి యుంచుడు. షార్ట్‌హాండు నేర్చుచున్నవారును, ఉద్యోగములో ఉన్నవారును అచట కూడి తెలుగు, తమిళము, ఆంగ్లము మూడింట వ్రాసి ఒకరినొకరు దిద్దుకొందురు. నా ఆరోగ్యము అనుకూలించినంతవరకు చదివి వినిపించుటకు నేను వచ్చెదను. మేము నలుగురము వ్రాసికొన్న ఆ నోటుపుస్తకమును నేడు ప్రధానోపాధ్యాయులవారికి అప్పగించుచున్నాను. దాని మొదటి పుటలో మందుల పేర్లు లేవు, సెక్షనులు లేవు. "పోయినాడు, పోయినాడంట" అను రెండు మాటలు మాత్రమే యున్నవి. అవి నేను ఆ దినము సాయంకాలము ఇంటికి వచ్చి వ్రాసికొన్నవి.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ఇరువది నిమిషములు అయినవి. సెలవు.