బండిలో తుపాకీ, ఊర్లో నిద్ర

(జమ్మలమడుగులో జరిగిన సభ్యుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి నెలా మనం గిట్టుబాటు ధర గురించో, బీమా గురించో, కాలువ నీళ్ల గురించో మాట్లాడుకుంటాం. ఈ నెల వేరే మాట తీసుకుంటున్నాం. మనలో కొందరి ఇండ్లలో లైసెన్సు తుపాకీ ఉంది. చేని కాపలాకని తాతల నాడు తీసుకున్నవి కొన్ని, ప్రాణభయంతో తీసుకున్నవి కొన్ని. ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం, సరే. అదే తుపాకీ బండెక్కినప్పుడు ఏమవుతోంది? సీటు వెనక దుప్పటి చుట్టి పడేస్తున్నాం. ట్రాక్టరు టూల్ బాక్సు మీద పెట్టి గోనె సంచి కప్పుతున్నాం. ఈ మాట ఎవరో చెప్పగా విన్నది కాదు. మేము చేసిన తప్పునే ముందు ఒప్పుకుని మొదలుపెడతాం.

కొన్నేళ్ల కింద ఎన్నికల ముందు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పమని కబురు వచ్చింది. మా ఇంట్లో పాత డబుల్ బ్యారెల్ ఒకటి ఉంది. ఆ రోజే బోరు మోటారు వైండింగ్ పని మీద ప్రొద్దుటూరు పోవాల్సి ఉంది. మోటారు షాపులో వేసి, వచ్చే దోవలో తుపాకీ ఇచ్చేస్తే రెండు పనులూ ఒకే డీజిల్‌తో అయిపోతాయనుకున్నాం. తుపాకీని దుప్పట్లో చుట్టి జీపు వెనక ఎరువు బస్తాల కింద పెట్టాం. తూటాలు డ్యాష్‌బోర్డులో పెట్టాం. షాపులో అరగంట పట్టింది. డ్రైవరు టీకి పోయినాడు. వచ్చి చూస్తే తలుపు ఓరగా ఉంది. డ్యాష్‌బోర్డు తెరిచి ఉంది. ఎనిమిది తూటాలు లేవు. తుపాకీ మాత్రం బస్తాల కింద అట్లే ఉంది.

స్టేషన్‌కు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పినాం. "ఆ బస్తా ఎత్తి చూసుంటే ఏం జరిగేదో తెలుసా?" అని అడిగినారు. మా దగ్గర జవాబు లేదు. తర్వాత నోటీసు, సంజాయిషీ, నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరుగుడు. అదంతా ఒక ఎత్తు. ఆ తర్వాత ఏ ఊర్లో తగాదా జరిగి తుపాకీ పేలిందని విన్నా, అది మా తూటా కాదు కదా అని గుండె జారిపోయేది. ఆ ఎనిమిది ఎక్కడున్నాయో ఇప్పటికీ తెలియదు. దొంగ ఎవడో మాకు తెలియదు. బండి తాళం వేయనిది మాత్రం మేమే.

మన నేల సంగతి మనకు తెలుసు. పులివెందుల, జమ్మలమడుగు అంటే బయటి ప్రాంతాల వాళ్లకు బాంబులు, వేటకొడవళ్లు, వరసగా పోయే సుమోలు గుర్తుకొస్తాయి. సినిమాల వాళ్లు ఆ బొమ్మను అమ్ముకున్నారు. కానీ ఆ కక్షల్లో మగ దిక్కు పోగొట్టుకుని, చేన్లు బీడు పెట్టుకుని, పిల్లల్ని చుట్టాల ఊర్లకు పంపి చదివించుకున్న ఆడబిడ్డలు ఈ సభలోనే ఉన్నారు. 2023 మార్చిలో పులివెందులలో డబ్బుల తగాదా ముదిరి తుపాకీ పేలి ఒక మనిషి చనిపోయినాడు. అది లైసెన్సు ఉన్న తుపాకీ. లైసెన్సు కాగితం తుపాకీని మంచిది చేయదు. కోపం వచ్చిన నిమిషంలో అది చేతికి అందే చోట ఉందా, తాళం వెనక ఉందా అన్నదే తేడా.

బండిలో ప్రమాదకరమైన సరుకు తేవడం ఎట్లాంటిదో మన జిల్లా ఇంకొక చోట కూడా చూసింది. 2021 మే 8న కలసపాడు మండలం మామిళ్లపల్లె దగ్గర ముగ్గురాళ్ల క్వారీలో, వాహనంలో తెచ్చిన జిలెటిన్ స్టిక్స్ దించుతుండగా పేలి పదిమంది కూలీలు చనిపోయినారు. తుపాకీ వేరు, జిలెటిన్ వేరు. కానీ రెండింటి వెనకా ఉండేది 'ఏమవుతుందిలే' అనే మాటే.

చట్టం ఏమంటోంది

1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధ నిబంధనలు మనకు వర్తిస్తాయి. బహిరంగ స్థలంలో తుపాకీ తీసుకుపోయేటప్పుడు దానికి తగిన సంచిలోనో, ఒరలోనో పెట్టి పూర్తిగా కప్పి ఉంచాలి. తీసుకుపోయే మనిషి అదుపులో ఉండాలి. ఈ రెండో మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. బండిలో తుపాకీ పెట్టి మనం హోటల్లో కూర్చుంటే అది ఎవరి అదుపులో ఉన్నట్టు?

2019లో చట్టాన్ని సవరించినారు. ఒక మనిషికి రెండుకు మించి తుపాకులు ఉండకూడదు. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెండ్లిలోనో, ఊరేగింపులోనో సంబరానికి పేల్చి ఇతరుల ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కొడుకు పెండ్లికి పోతూ బండిలో తుపాకీ వేసుకుపోయే పెద్దమనుషులు ఈ సంగతి ఇంటికి పోయి చెప్పండి.

తుపాకీ మీ పేరు మీద ఉంటే మీ చేతిలోనే ఉండాలి. మీ సమక్షంలో అయితే ఇంకొకరు పట్టుకోవచ్చు. మరమ్మతుకో, రెన్యువల్‌కో మీరు లేకుండా పంపాలంటే మీరు రాసిచ్చిన కాగితం ఉండాలి. 'మా పాలేరే కదా, మా అల్లుడే కదా' అని ఊరికే బండిలో వేసి పంపితే అతన్నీ మీరే కేసులో ఇరికించినట్టు. లైసెన్సు మన జిల్లాకేనా, రాష్ట్రమంతటికా అన్నది కూడా చూసుకోండి. చీనీ కాయల లోడుతో వేరే రాష్ట్రం పోతూ సీటు వెనక తుపాకీ మరిచిపోయినామంటే చెక్‌పోస్టులో వినరు.

బండిలో ఎట్లా పెట్టాలి

మొదటిది, అవసరం లేకపోతే ఎక్కించొద్దు. సంతకు, ఆస్పత్రికి, బంగారు అంగడికి పోయే బండిలో తుపాకీకి పని లేదు. స్టేషన్‌లో అప్పజెప్పాలంటే ఆ ఒక్క పనికే పోండి, అదే మొదటి పని కావాలి. మేము చేసినట్టు డీజిల్ లెక్క చూసుకోవద్దు.

రెండోది, ఖాళీ చేసి ఎక్కించండి. బ్యారెల్ విరిచి రెండు గదులూ కంటితో చూసి, వేలు పెట్టి చూడండి. చీకట్లో అయితే మళ్లీ చూడండి. మూతి నుంచి మందు కూరే పాత తుపాకీ అయితే ఇంకా జాగ్రత్త. పైన టోపీ తీసేసినంత మాత్రాన అది ఖాళీ అయినట్టు కాదు, మందు, గుండ్లు లోపలే ఉంటాయి. కూరి ఉన్న తుపాకీని గతుకుల దోవలో బండెక్కించడం ఏ రోజూ చేయొద్దు.

మూడోది, విడదీయండి. డబుల్ బ్యారెల్‌కు ముందు చెక్క ముక్క ఊడి వస్తుంది. అది తీస్తే బ్యారెల్, మడమ వేరవుతాయి. ఆ చెక్క ముక్క మీ సంచిలోనే, మీ దగ్గరే ఉంచుకోండి. దొంగ చేతికి మిగతాది పోయినా వెంటనే పనికి రాదు. బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న రైతులకు పోలీసులు చెప్పే సలహా కూడా ఇదే.

నాలుగోది, ఇనుప పెట్టె. జీపుకో, కారుకో వెనక అడుగున రేకు పెట్టె బోల్టులు వేసి బిగించాలి. బోల్టులు పెట్టె తెరిచినప్పుడే కనపడేట్టు లోపలి నుంచి వేయాలి. మంచి తాళం వేయాలి. ఆ తాళంచెవి బండి తాళంచెవి గుత్తిలో ఉండకూడదు, డ్రైవరు దగ్గర అసలే ఉండకూడదు. తూటాలకు వేరే పెట్టె, వేరే తాళం. డ్యాష్‌బోర్డు తాళం చిన్న పిల్లవాడు కూడా తీస్తాడు, మా అనుభవంతో చెబుతున్నాం.

ఐదోది, కనపడనీయొద్దు. తుపాకీ ఆకారం తెలిసే సంచి కిటికీలో నుంచి కనపడితే అది బోర్డు పెట్టినట్టే. అమెరికాలో రైతులు, వేటగాళ్లు పికప్ బండ్లలో తుపాకులు పెట్టుకు తిరగడం మామూలు. అక్కడ దొంగతనానికి పోతున్న తుపాకుల్లో పెద్ద వంతు ఆగి ఉన్న బండ్లలో నుంచి పోయేవే. అక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలకు కూడా ఈ మాట చెప్పండి.

ఆరోది, రాత్రికి బండిలో వదలొద్దు. బండి గిడ్డంగి కాదు. మన మే నెల ఎండలో మూసి పెట్టిన బండి లోపల ఎట్లా కాగిపోతుందో మీకు తెలుసు. ఆ వేడికి, వానకాలం తేమకు తూటాలు పాడవుతాయి. అవసరానికి పేలవు, లేదా నొక్కిన కాసేపటికి పేలతాయి. అది ఇంకా ప్రమాదం.

ఏడోది, మోటారు సైకిలు, ట్రాక్టరు వాళ్లకు. వీటిలో దాచే చోటే లేదు. ఖాళీ చేసిన తుపాకీని కప్పు సంచిలో పెట్టి ఒంటికి తగిలించుకోవడం తప్ప దారి లేదు. కిందికి దిగితే తుపాకీ కూడా మనతో దిగాలి. ఇద్దరు పోతే ఒకరు దాని దగ్గరే ఉండాలి. బండిని మెకానిక్ షెడ్డుకో, నీళ్ల సర్వీసుకో ఇచ్చేటప్పుడు, చుట్టాలకు అడిగితే ఇచ్చేటప్పుడు ముందు పెట్టె తెరిచి చూడండి.

ఎనిమిదోది, పోతే దాచొద్దు. తుపాకీ గాని తూటా గాని పోతే ఆ గంటలోనే దగ్గరి స్టేషన్‌కు పోయి రాసివ్వండి, నకలు తీసుకోండి. పరువు పోతుందని రెండు రోజులు వెతుక్కుంటూ కూర్చుంటే, ఆ రెండు రోజుల్లో అది ఎక్కడ పేలినా పేరు మనదే వస్తుంది. తుపాకీ నంబరు, లైసెన్సు నంబరు ఇంట్లో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఎన్నికలప్పుడు అప్పజెప్పితే రసీదు తప్పకుండా తీసుకోండి.

ఇంకొక మాట. ఇంటి పెద్ద చనిపోతే ఆయన లైసెన్సు కొడుక్కు ఆస్తిలా రాదు. తుపాకీని స్టేషన్‌లో గాని లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గాని డిపాజిట్ చేసి, కావాలంటే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. దినాలు అయిపోయినా అటక మీదే పెట్టుకున్న ఇండ్లు ఉన్నాయి. దయచేసి ఈ నెలలోనే ఆ పని చేయండి.

అసలు తుపాకీ ఎందుకు

మమ్మల్ని ఒక పెద్దాయన అడిగినాడు: "అన్నీ మాకే చెబుతున్నారు, పందులకు ఎవరు చెబుతారు?" న్యాయమైన ప్రశ్న. శనక్కాయ కాయ పట్టే వేళకు అడవి పందులు ఒక్క రాత్రిలో అరెకరం దున్నిపోతాయి. అరటి తోటల్లో పిలకలు పెల్లగిస్తాయి. కానీ లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పంది రక్షిత జంతువే. పంటకు నష్టం చేస్తున్న జంతువును చంపాలన్నా అటవీ శాఖలో అధికారం ఉన్న వాళ్లు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. నెమలి సంగతి అయితే ఎత్తనే వద్దు. తుపాకీ లేదని కొందరు కరెంటు తీగలు పెడుతున్నారు, పంది బాంబులు పెడుతున్నారు. వాటికి ముందు చచ్చేది మన ఆవులు, మన కాపలా మనుషులు.

కాబట్టి రైతును తప్పు పట్టి ఊరుకోవడం మన సంఘం పద్ధతి కాదు. ప్రభుత్వాన్ని ఇవి అడుగుతున్నాం. పంట నష్టానికి పరిహారం ఆ పంట కాలంలోనే ఇవ్వాలి. అడవి అంచు ఊర్లకు సోలార్ కంచె సబ్సిడీ మీద ఇవ్వాలి. అర్జీ పెట్టిన రైతుకు అటవీ శాఖ రోజుల్లో జవాబు చెప్పాలి, నెలల్లో కాదు. లైసెన్సుదారులకు భద్రత మీద శిక్షణ మన పట్టణాల్లోనే పెట్టాలి. పరిహారం సరిగ్గా వస్తే, కంచె నిలబడితే, సగం తుపాకులు బండెక్కాల్సిన పనే ఉండదు.

మన వంతు పని కూడా ఉంది. ఇనుప పెట్టెలు కావలసిన సభ్యులు సంఘం ఆఫీసులో పేరు చెప్పండి. పదిమంది కలిస్తే వెల్డింగ్ షాపులో ఒకేసారి చేయించుకుందాం, ధర తగ్గుతుంది. పెట్టె ఒక్కటీ ఒక బస్తా ఎరువు లెక్కలో పోతుందో, రెండు బస్తాల లెక్కలో పోతుందో, పోనీయండి. ఆ ఎనిమిది తూటాలు పోయిన రోజు నుంచి మేము లెక్క వేసుకుంటున్నది వేరే. అవి దొరికేదాకా మా ఇంట్లో ఎవరికీ పూర్తి నిద్ర లేదు. ఆ నిద్ర మీరు పోగొట్టుకోవద్దనే ఈ నాలుగు మాటలు.

ఈ రోజు ఇంటికి పోయి ముందు బండి సీటు వెనక ఏముందో చూడండి.