ఇండోనీషియా ఆర్థిక భవితవ్యము – మనతోడి సంబంధము



విదేశముల ఆర్థికస్థితి యనగానే మన దృష్టి అమెరికా వైపునకో, చైనా వైపునకో పరువిడును. మన నికోబారు దీవుల దక్షిణాగ్రమునుండి నూరు నాటికల్ మైళ్లు దాటక మునుపే ఆరంభమగు ఒక మహాదేశమును మాత్రము సాధారణముగా మఱచుచుందుము. అది ఇండోనీషియా. జనసంఖ్యలో ప్రపంచమున నాలుగవది. సుమారు 28 కోట్ల ప్రజలు, 17,000లకు పైగా దీవులు. మన దేశమున బాణలిలో కాగు నూనెలో ఎంతో భాగము అక్కడినుండియే వచ్చుచున్నది. కావున ఆ దేశపు మంచిచెడ్డలు తెలిసికొనుట అర్థశాస్త్ర పండితుల పని మాత్రమే కాదు, గృహిణుల పని కూడను.

ఈ సంబంధము నేటిది కాదు. 17వ శతాబ్ది తొలినాళ్లలో డచ్చివారు మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పుటకు ముఖ్యకారణము మన నేతగాండ్ర బట్టలు. జాజికాయ, జాపత్రి, లవంగములు పండు తూర్పు దీవులలో కోరమండల తీరపు వస్త్రములకు గిరాకి మెండు. ఆ బట్టలిచ్చి సుగంధద్రవ్యములు కొని, వానిని ఐరోపాలో అమ్ముట డచ్చి కంపెనీవారి వ్యాపారపద్ధతి. బట్ట ఇక్కడిది, జాజికాయ అక్కడిది, లాభము మాత్రము మూడవవానిది.

స్వాతంత్ర్యానంతర చరిత్ర మనలో పెద్దలకు తెలిసినదే. 1950 జనవరి 26న మన తొలి గణతంత్ర దినోత్సవమునకు సుకర్ణో ముఖ్యాతిథి. 1955లో బాండుంగు మహాసభ. 2025 గణతంత్ర దినోత్సవమునకు అధ్యక్షుడు ప్రబోవో సుబియాంతో ముఖ్యాతిథిగా వచ్చెను. ఆ మధ్యకాలమున స్నేహమునకు తగిన వర్తకము చాలకాలము ఏర్పడలేదనియే చెప్పవలెను.

ఆ దేశపు నేటి నడక బోధపడవలెనన్న 1998వ సంవత్సరమును స్మరించవలెను. 1997 నడుమ డాలరునకు సుమారు 2,400 రుపియాలుండగా, మరుసటి యేడు ఒక దశలో ఆ సంఖ్య 15,000 దాటినది. ఆ ఒక్క సంవత్సరములో జాతీయోత్పత్తి నూటికి 13 వంతులు కుంగిపోయినది. మూడు దశాబ్దులకు పైగా ఏలిన సుహార్తో మే నెలలో గద్దె దిగెను. ఆ గాయపు మచ్చ నేటికిని వారి బడ్జెటులో కనబడును. లోటు జాతీయోత్పత్తిలో నూటికి 3కు మించరాదని 2003లో శాసనము చేసికొనిరి. కోవిడ్ కాలమున దానిని సడలించినను, గడువునకు ఒక యేడు ముందే, 2022లోనే, తిరిగి హద్దులోనికి వచ్చిరి. బడ్జెటు అంకెలతో కుస్తీ పట్టువారికి ఇది ఎంత కష్టమో వేరుగా చెప్పనక్కఱలేదు.

ఇంత నిగ్రహమున్నను అభివృద్ధి నూటికి 5 దగ్గఱనే నిలిచియున్నది. 2023, 2024 రెండింటను అంతియే. దానిని 8కి చేర్చెదనని ప్రబోవో ప్రకటించెను. ఇది సులభసాధ్యము కాదు. పన్నుల రాబడి జాతీయోత్పత్తిలో పదవవంతు ప్రాంతముననే ఉన్నది. ఈ శతాబ్ది ఆదిలో నూటికి 30కి చేరువగా ఉండిన కర్మాగారముల వాటా నేడు 20కి దిగువకు జారినది. పనిచేయు వయసు యువకులు కోట్లకొలది ఉండగా కర్మాగారముల పాలు తగ్గుట ఆరోగ్యలక్షణము కాదు.

దీనికి వారు కనుగొన్న మందు ముడిసరకును బయటికి పోనీయకుండుట. 2020 జనవరినుండి నికెలు ఖనిజపు ఎగుమతిని నిషేధించిరి. ప్రపంచమున త్రవ్వు నికెలులో సగమునకు పైగా వారిదే కాబట్టి కొనువారు కొలుములతో సహా సులవేసీ దీవికే రావలసివచ్చినది. వచ్చినవారిలో అధికులు చైనావారు. ఎగుమతి విలువ పెరిగినమాట నిజము. అడవులు, సముద్రతీరములు చెడినమాటయు నిజమే. మట్టి అమ్మి లోహము కొను బానిస వర్తకమును అనుభవించిన జాతులు ఈ విధానమును తేలికగా తప్పుపట్టజాలవు.

అయితే ఆ తలుపు మూయు అలవాటు 2022లో మనకును తగిలినది. జనవరిలో తమ విద్యుత్కేంద్రములకు బొగ్గు చాలదని ఎగుమతిని కొన్నాళ్లు ఆపిరి. మన రేవుతీర విద్యుత్కేంద్రములు కొన్ని ఆ బొగ్గుపైననే ఆధారపడినవి. ఏప్రిల్ 28న పామాయిలు ఎగుమతిని నిషేధించిరి. ఉక్రెయిను యుద్ధముచే పొద్దుతిరుగుడు నూనె అంతకుముందే కఱవైయుండెను. ప్రపంచమున మిక్కిలిగా పామాయిలు పండించు దేశముననే వంటనూనెకై ప్రజలు బారులు తీరుట వింత. నిషేధముతో అక్కడి చిన్నరైతుల గెలలు కొను దిక్కులేక ధర పడిపోగా వారు జకార్తాలో ఊరేగింపు తీసిరి. మే 23న నిషేధము ఎత్తివేసిరి.

మన స్థితి యేమి? వంటనూనెలో సగమునకు పైగా దిగుమతియే. పామాయిలొక్కటే ఇటీవలి సంవత్సరములలో 75 నుండి 100 లక్షల టన్నులవరకు తెచ్చుకొనుచున్నాము. రేషను పామోలిను ఎఱుగని తెలుగు ఇల్లు అరుదు. 2021లో కేంద్రప్రభుత్వము 11,040 కోట్ల రూపాయలతో పామాయిలు సాగునకు జాతీయ పథకము ఆమోదించినది. ఇందు అగ్రస్థానము ఆంధ్రప్రదేశ్‌ది, తరువాతిది తెలంగాణము. ఏలూరు దగ్గఱ పెదవేగిలో పరిశోధనాసంస్థ ఉన్నది. కాని మొక్క నాటిన మూడు నాలుగేండ్లవరకు గెల రాదు. నీరు విస్తారముగా కావలెను. ఆ నిరీక్షణకు రైతు సిద్ధపడుట ధర నిలుకడగా ఉన్ననాడే.

చిక్కు ఇచ్చటనే ఉన్నది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిలుపై మూలసుంకమును సున్నానుండి నూటికి 20కి పెంచిరి. పెదవేగి రైతు సంతోషించెను, పట్టణ గృహిణి చింతించెను. 2025 మే నెలాఖరున దానిని 10కి దించగా సంతోషచింతలు చోటు మార్చుకొన్నవి. సుంకము ఏటేటా అటునిటు ఊగుచుండగా పాతికేండ్లు బ్రతుకు చెట్టును నాటుమని రైతుకు చెప్పుట న్యాయముగా తోపదు. ఎంత పెట్టినను కొన్నేండ్లపాటు కదలని సుంకమే మేలు.

ఇక లెక్క. 2022–23లో ఉభయ దేశముల వర్తకము 3,800 కోట్ల డాలర్లకు పైబడినది. అందు మనము కొన్నది సుమారు 2,900 కోట్లు, అమ్మినది వేయి కోట్లు. 2024 మార్చిలో ఇరుదేశముల కేంద్రబ్యాంకులు రూపాయి, రుపియాలలో చెల్లింపులకు ఒడంబడిక చేసికొన్నవి. రెండు నాణెముల పేళ్లును సంస్కృత ‘రూప్య’ శబ్దమునుండి వచ్చినవే. కాని బంధుత్వముతో ఖాతా సరిపోదు. మనము మూడు వంతులు కొని ఒక వంతు అమ్ముచుండగా, చేరిన రూపాయలతో జకార్తా వర్తకుడు ఏమి కొనగలడు? మందులు, వాహనములు, వేరుసెనగ, గేదెమాంసము ఇప్పటికే పోవుచున్నవి. వీనితో ఆ వ్యత్యాసము తీరదు. ఆసియాన్ దేశములతో 2010 జనవరిలో అమలునకు వచ్చిన వర్తక ఒప్పందమును పునఃపరిశీలించుటకు మన అధికారులు కూర్చున్నప్పుడు బల్లపైకి మొదట రావలసిన కాగితము ఈ జాబితాయే.