నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ చికిత్స

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి 5 రోజుల చొప్పున 6, 7 వారాలు సాగుతుంది. పాడైన పళ్లను ముందే తీయించుకోవాలి. తర్వాత తీయిస్తే దవడ ఎముక మానడం కష్టం. తల కదలకుండా ముఖానికి మాస్కు చేస్తారు. వేడి నీటిలో మెత్తబడిన ప్లాస్టిక్ రేకును ముఖంపై పరిస్తే నిమిషాల్లో ఆ ఆకారంలోనే గట్టిపడుతుంది. కిరణాలు తగిలేది కొద్ది నిమిషాలే, నొప్పి తెలియదు. అసలు బాధ రెండు మూడు వారాలకు మొదలవుతుంది: నోరు పూస్తుంది, రుచి పోతుంది, మెడ చర్మం కమిలిపోతుంది. అప్పుడు కారం మాని మెత్తటి మజ్జిగన్నం, జావ, గుడ్డు తింటూ బరువు తగ్గకుండా చూసుకోవాలి. చికిత్స ముగిసిన కొన్ని వారాల్లో పుండ్లు చాలావరకు మానతాయి. నోరెండడం మాత్రం చాలాకాలం ఉండవచ్చు. బయటి యంత్రంతో ఇచ్చే కిరణాలు ఒంట్లో మిగలవు, పసిపిల్లల్ని నిశ్చింతగా ఎత్తుకోవచ్చు. మధ్యలో మానేస్తే క్యాన్సర్ కణాలు పుంజుకుంటాయి. మింగలేని స్థితి వస్తే ఆసుపత్రికి వెళ్లడం ఆపకుండా, వెంటనే డాక్టరుకు చెప్పాలి.