పరీక్ష కాగితం పారేయకండి



ఉద్దానంలో కొబ్బరి పండుతుంది. జీడి పండుతుంది. కిడ్నీ జబ్బు కూడా అక్కడే పాతుకుపోయింది. ఎందువల్లో ఇంకా పూర్తిగా తేలలేదు.

ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. మనిషి జీడితోటకు పోతూనే ఉంటాడు. లోపల కిడ్నీ పాడవుతూనే ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పేది రక్త పరీక్ష.

పరీక్ష కాగితంలో 'క్రియాటినిన్' అనే మాట వెతకండి. దాని పక్కన అంకె ఉంటుంది. కిడ్నీలు బాగున్నవారికి అది ఇంచుమించు 1 దగ్గర ఉంటుంది. పోయినేడు 1, ఈ యేడు 1.6 అయితే డాక్టరు వెంటనే జాగ్రత్తపడతారు. పాత కాగితం పారేస్తే అంకె పెరిగిందని ఎలా తెలుస్తుంది?

కాగితం చిరిగినా లెక్క పోకుండా 'ఆభా' నంబరు వచ్చింది. దానికి 14 అంకెలు. రిపోర్టులు దానికి జత చేయించండి. టెక్కలిలో చేసిన పరీక్షను పలాస డాక్టరుకు ఫోనులోనే చూపించవచ్చు. పలాసలో 2023లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మీరు ఒప్పుకుంటేనే మీ రిపోర్టు ఇతరులు చూడాలి. అందుకే ఫోనుకు వచ్చిన ఓటీపీ అడిగినవారికల్లా చెప్పకండి.

ఊరూరి లెక్కలు కలిపితే జబ్బు ఎక్కడ ఎక్కువో తెలుస్తుంది. కారణం వెతికేవారికి అదే ఆధారం.

మీకు చదువు వచ్చింది. ఈ రోజే ఇంట్లో అందరి కాగితాలూ తీయండి. తేదీ, అంకె నోటుపుస్తకంలో మీ చేత్తోనే రాయండి.