కాటాకీ లారీకీ మధ్య చోటు
(సమాఖ్య వార్షిక మహాసభలో చదివిన ప్రసంగం)

ధాన్యం కొనుగోలు కేంద్రం నడిపిన సంఘాల తరఫున మాట్లాడమన్నారు. జమాఖర్చులు ముందు పేజీల్లో ఉన్నాయి కాబట్టి మేం స్థలం గురించే చెబుతాం.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ముందురోజు మా గోడౌను ముందు కాటా అయిన బస్తాలు, కావాల్సినవి, తేమ ఎక్కువని పక్కన పెట్టినవి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. సందు దొరికిన చోటల్లా దించేశారు, మేమూ ఊరుకున్నాం. లారీ వచ్చింది గానీ గుమ్మం దాకా వెనక్కి రావడానికి దారి లేదు. బస్తాలు జరుపుతుండగానే వాన పట్టుకుంది. ఏది ఎవరిదో తేలక ట్రక్ షీట్ రాయలేకపోయాం. ఒక కౌలు రైతు భార్య, మన సంఘం మనిషే, తడిసిన గోనెలు ఒక్కొక్కటే తిప్పి తనవి వెతుక్కుంది. ఆమె మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. అంటే బావుండేది.

తర్వాతి సార్వాకి కోతలకు ముందే కూర్చుని లెక్క వేశాం. లారీకి 10 టన్నులంటే 40 కిలోల బస్తాలు 250. ఐదేసి ఎత్తున పేరిస్తే నేల మీద 50 బస్తాల చోటు. సందుతో కలిపి బస్తాకి మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు వేసుకుంటే 300 చదరపు అడుగులు. అంత చోటు గుమ్మానికి పక్కగా సున్నంతో గీశాం. ఎదురుగా గీస్తే లారీకే అడ్డం. గీత లోపల కాటా అయిన బస్తాలే, అదీ ఒక్క లారీకి సరిపడానే. తేమ 17 శాతం దాటినవి కళ్లం వైపే ఉండాలి. వాటిని ఇటు తెస్తే మళ్లీ అదే గొడవ.

గుమ్మానికి దగ్గరగా గీయమని పట్టుబట్టింది ముఠా వాళ్లే. నెట్టు ఇరవై అడుగులు దూరం జరిగితే రానూపోనూ 250 బస్తాలకి పదివేల అడుగులు. ఆ నడకంతా వాళ్ల కాళ్లదే కదా! ఇన్నేళ్లూ మాకు తట్టలేదు.

ఇంకా మిగిలింది నేల. గుమ్మం ముందు నల్లమట్టి, చినుకు పడితే లారీ చక్రం దిగిపోతుంది. కంకర తోలించడానికి మా కమిషన్ డబ్బు చాలదు. సమాఖ్య నిధి నుంచి అప్పు అడుగుతున్నాం. తీర్మానం ఈ సభలోనే అయితే, నవంబరు లోపల తోలించుకుంటాం.