మొండితనమా? పట్టుదలా?

(జిల్లా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ ఒక్క మాట గురించే మాట్లాడతాను. మొండి. జీవితంలో ఒక్కసారైనా ఈ మాట పడని స్త్రీ ఇక్కడ ఉండదనుకుంటాను.

ఏదో లోపించిందన్న అర్థం ఈ మాటలోనే ఉంది. పదును పోయింది మొండికత్తి. పైకప్పు లేనివి మొండిగోడలు. వసూలు కానిది మొండిబాకీ. కానీ మగవాడి దగ్గరకొచ్చేసరికి 'మొండివాడు రాజుకన్నా బలవంతుడు' అని సామెత ఉంది. మొండిదాని గురించి అలాంటి సామెత నేను వినలేదు. చదువు కోసం అన్నం మానేస్తే పిల్లాడిది పట్టుదల, ఆడపిల్లది మంకుపట్టు. చేసిన పని ఒకటే. దానికి పేరు పెట్టే అధికారం ఎవరిదన్నదే ప్రశ్న.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఊరూరా పాకిన ఆ ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. దాన్ని మనం పట్టుదల అని గర్వంగా చెప్పుకుంటాం. వాళ్ళు ఓడిపోయి ఉంటే ఏమనేవాళ్ళం?

ఇందులో నా తప్పూ ఉంది. కౌన్సెలింగ్ కేసులు పరిశీలిస్తున్న రోజుల్లో, అత్తింటి నుంచి కదలనని గడపలో కూర్చున్న ఒకామె గురించి 'మొండిగా ఉంది, రాజీకి రాదు' అని నోటుపుస్తకంలో రాసుకున్నాను. తర్వాత చదివితే సిగ్గేసింది. ఇల్లు తన పేర లేకపోయినా, కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్ ఆమెకు ఇచ్చింది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నంత మాత్రాన ఈ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆమె తన హక్కు వదులుకోలేదు, అంతే. నేను దాన్ని ఆమె స్వభావంలోని లోపంగా మార్చేశాను.

మన రిజిస్టర్లు రేపు ప్రొటెక్షన్ ఆఫీసర్ చూడొచ్చు, కోర్టుకూ వెళ్ళొచ్చు. అక్కడ 'మొండి' అన్న మాట ఒక్కటి చాలు, సర్దుకుపొమ్మని ఆమెకే చెప్పడానికి. అందుకే నాదొక చిన్న ప్రతిపాదన. ఆ మాట రాయబోయే ముందు ఆగుదాం. ఆమె ఏం అడుగుతోంది? దేనికి ఒప్పుకోవడం లేదు? అది ఇవ్వనిది ఎవరు? ఈ మూడూ రాద్దాం. ఇవి రాశాక ఆ మాటతో మనకు పని ఉండదు.