చిన్న విమానమునకు క్రొత్త సారథి

1959వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, అమెరికాలోని అయోవా రాష్ట్రములో మంచు కప్పిన యొక చేనిలో చిన్న విమాన మొకటి కూలిపోయినది. అందులోని ముగ్గురు గాయకులును, ఇరువదియొక్క యేండ్ల చోదకుడును మరణించిరి. ఆ గాయకులలో నొకడైన బడ్డీ హాలీ పేరు పాశ్చాత్యసంగీతము వినెడి మన శ్రోతలు కొందరికైన తెలిసియుండును. ఆ దుర్ఘటనను గూర్చి అమెరికనులు ఎన్నో పుటలు వ్రాసికొన్నారు. మేము నేడు చెప్పదలచినది గాయకులను గూర్చి కాదు. ఆ విమానములో చోదకుని కన్నుల యెదుటనున్న పరికరముల పలకను గూర్చి.

ఆ విమానములో స్వయంచోదకయంత్రము, అనగా ఆటోపైలట్, క్రొత్తగా బిగింపబడియుండెను. కాని అది యింకను పనిచేయు స్థితిలో లేదు. విమానము యొక్క ఒరుగును, ముక్కు ఎత్తును చూపెడి పరికరము కూడ చోదకుడు నేర్చుకొన్న రకము కాదు. అతడు శిక్షణ పొందిన విమానములలో మామూలు కృత్రిమక్షితిజ ముండెడిది. ఇందులో నున్న స్పెర్రీ ఎఫ్-3 అను పరికరములో ఒక గోళము తిరుగుచు, ముక్కు పైకెత్తుటను, క్రిందికి దించుటను సరిగా తలక్రిందులు చేసి చూపెడిది. నేలపై దీపములు లేని చీకటిలో, మంచు కురియుచుండగా, తాను పైకెక్కుచున్నానని అతడు భ్రమించి యుండవచ్చునని పౌరవిమానయాన మండలి విచారణాధికారులు తలచిరి. విమానము మాత్రము దిగుచుండెను. పరికరములను మాత్రమే చూచి నడుపవలసిన ప్రయాణమునకు, ఆ నేర్పు లేకయే బయలుదేరుట మూలకారణమని నిర్ణయించి, అపరిచిత పరికరమును, వాతావరణ సమాచారలోపమును తోడుకారణములుగా పేర్కొనిరి.

చిన్న విమానమున్నవారు దానికి క్రొత్త యంత్రములు తగిలింపబోవునప్పుడెల్ల మాకు ఆ పలకయే జ్ఞప్తికి వచ్చుచుండును.

చూపు లేనిచోట మనుష్యుడెందుకు మోసపోవునో ముందుగా చెప్పవలెను. మన యాడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరుగుదురు గదా! ఆగిన తరువాతకూడ లోకము తిరుగుచున్నట్లే వారికి తోచును. చెవిలోపలి సన్నని గొట్టములలోని ద్రవము చేయు చమత్కార మది. విమానములో దీనికి విపరీతము జరుగును. మెల్లగా, ఒకే తీరుగా వంపు తిరుగుచున్న విమానము చెవికి నిటారుగానే యున్నట్లు తెలియును. 1954లో ఇల్లినాయి విశ్వవిద్యాలయమువారు పరికరశిక్షణ లేని యిరువదిమందిని కృత్రిమముగా కల్పించిన మబ్బులోనికి పంపి పరీక్షించిరి. ఇరువదిమందియు విమానమును అదుపు తప్పించిరి. అందుకు పట్టిన కాలము సగటున 178 సెకండ్లు. మూడు నిమిషములైనను లేదు! మేము మైక్రోఫోను ముందు ఒక ప్రకటన చదివి, పాట వేయుట కారంభించునంతటి కాలము.

ఈ బలహీనతకు మందు బొంగరములో దొరికినది. వేగముగా తిరుగు బొంగరము తన యిరుసు దిశను విడువదు. 1914 జూన్ 18వ తేదీన, పారిస్ చెంత సేన్ నదిమీద, లారెన్స్ స్పెర్రీ అను యువకుడు ఈ సూత్రముపై పనిచేయు యంత్రముతో తన నీటివిమానమును ఎగురవేసి, జనులు చూచుచుండగా రెండు చేతులును పైకెత్తెను. అతని సహచరుడు రెక్కమీదికి నడచిపోయెను. విమానము ఒరుగబోయి, తనంతట తానే సర్దుకొనెను. 1933లో వైలీ పోస్టు ఒంటరిగా భూగోళమును 7 దినముల 18 గంటల 49 నిమిషములలో చుట్టివచ్చినది ఇట్టి యంత్రము తోడనే. దారిలో దానిని బాగుచేయించుకొనుటకై ఆయన ఆగవలసివచ్చినదని కూడ చెప్పుట న్యాయము.

నేడు అమెరికాలో నెగురుచున్న స్వంతవిమానములలో చాల భాగము ముసలివి. 1956లో అమ్మకమునకు వచ్చిన సెస్నా 172 జాతివి నలుబదినాలుగువేలకు పైగా తయారైనవి. అందు అరువది, డెబ్బది దశకములలో పుట్టినవి నేటికిని బారులుతీరి యున్నవి. ఇంజను మార్చుకొందురు, రంగు వేయింతురు. రెక్కలు, మొండెము చెక్కుచెదరవు. ముసలితన మంతయు పలకలోనే కనబడును.

ఆ పలక వెనుక పాతకాలపు ఏర్పాటు ఇట్లుండును. ఇంజను త్రిప్పెడి పంపు గాలిని పీల్చును. ఆ గాలి పరికరములలోని బొంగరములను త్రిప్పును. పంపులోపల నున్నవి బొగ్గుతో చేసిన పలుచని రెక్కలు. అవి అరిగి యరిగి, ఒకనాడు ముందుగా చెప్పక పుటుక్కున విరుగును. బొంగరము వెంటనే ఆగదు. వేగము తగ్గుచు, మెల్లమెల్లగా ఒరుగును. అదియే ప్రమాదము. ఆ కృత్రిమక్షితిజమునే నమ్ముకొన్న పాత స్వయంచోదకము, చచ్చుచున్న బొంగరము వెంట విమానమును భక్తితో వంచుకొనుచు పోవును. అందుచేతనే కొందరు నిర్మాతలు విద్యుత్తుతో తిరుగు వేరొక బొంగరమును, అనగా మలుపువేగమును చూపుదానిని, ఆధారముగా చేసికొనిరి. అది పంపు చచ్చినను బ్రదుకును. కాని గాలి యలజడిలో దాని నడక కొంచెము తడబాటుగా నుండునని దానితో నెగిరినవారు చెప్పుదురు.

క్రొత్త పద్ధతిలో బొంగరమే లేదు. గోటిపై పట్టునంతటి సిలికాను తునుకలు కదలికను కొలుచును. అయస్కాంతము దిక్కు చెప్పును. గణకయంత్రము రెంటిని కలిపి తెరపై క్షితిజమును గీయును. ఈ జాతి తెరలు ఇంటివద్ద స్వంతముగా కట్టుకొన్న విమానములలో మొదట చౌకగా వచ్చినవి. కర్మాగారములలో తయారైన విమానములకు మాత్రము ప్రభుత్వపు అనుమతి లేనిదే మరలొకటి మార్చరాదు. 2016 నుండి అమెరికా విమానయానశాఖ ఈ ద్వారమును కొంత తెరచినది. మరుసటి యేట గార్మిన్ సంస్థ జీఎఫ్‌సీ 500 అను చిన్న స్వయంచోదకమును ప్రకటించినది. 2020 జనవరి 1వ తేదీ నుండి ముఖ్యమైన ఆకాశభాగములలో ప్రతి విమానమును తన యునికిని తానే ప్రసారము చేయవలెనను నిబంధన అచట అమలులోనికి వచ్చినది. ఎటులును పలక విప్పక తప్పదు గనుక, పనిలో పనిగా అన్నియు మార్పించుకొనిన వా రెందరో.

మా మిత్రు లొకరు, అమెరికాలో వైద్యవృత్తిలో నున్న తెలుగువారు, అట్లే చేసిరి. వారిది డెబ్బది దశకమునాటి నాలుగు ఆసనముల విమానము. పరికరముల కైన వ్యయము విని మేము నోరు తెరచితిమి. విమానము కొన్న ధరతో దాదాపు సమానము! వారు నవ్వి, "పాతయింటికి క్రొత్త కరెంటు తీగలు వేయించుట వంటిది, గోడ పగులగొట్టిన పిదప గాని పని యెంతో తెలియదు" అనిరి. నిజమే. పలక వెనుక ఏ యజమాని కాలమునాటివో తెలియని తీగలు, ఎచటికిని పోనివి, గుత్తులుగా బయటపడినవట. మా కార్యాలయములో పాత మిశ్రణఫలకమును ఊడదీసిన నాడు మేమును ఇట్టి చిత్రమునే చూచితిమి. ఏ తీగ దేనిదో చెప్పగల ఇంజనీరుగారు అప్పటికే విశ్రాంతి తీసికొనియుండిరి.

స్వయంచోదక మనగా ఒక పెట్టె మాత్రమే కాదు. రెక్కల చివరి పలకలను త్రిప్పుట కొక మోటారు, తోక పలకను త్రిప్పుట కొకటి, వీలైనచో సమతౌల్యమును సర్దు ట్రిమ్ పలక కింకొకటి అమర్చవలెను. ప్రతి మోటారునకును జారుడు పట్టు ఉండును. యంత్రము మొరాయించినను చోదకుడు బలముతో దానిని మీరుటకు వీలుగా. ఇచటనే యొక సూక్ష్మ మున్నది. యంత్రము పనిచేయుచున్న సంగతి మరచి చోదకుడు కర్రను వెనుకకు లాగినచో, అది తన యెత్తు తప్పుచున్నదని భావించి, ట్రిమ్ పలకను ఎదురుదిశకు త్రిప్పుచు పోవును. ఒక కాడికి కట్టిన యెద్దులు రెండు చెరొక దారి పట్టినట్లు. తుదకు యంత్రమును విడిపించినంతనే ముక్కు విసురుగా వ్రాలును. కాబట్టి విడిపించు మీట యెక్కడ నున్నదో, అది పనిచేయనిచో ఏ సర్క్యూట్ బ్రేకరును లాగవలెనో, చీకటిలో చేయి తడవకుండ తెలిసియుండవలెను.

పాత పంపును, గొట్టములను, ఇనుప బొంగరములను తీసివేసినచో బరువు తగ్గుట కద్దు. అప్పుడు విమానపు రిక్తభారమును, గురుత్వకేంద్రమును తిరిగి లెక్కకట్టి వ్రాసి పెట్టవలెను. అంతయు విద్యుత్తుమీదనే ఆధారపడుట వలన, జనరేటరు చెడినచో ఏమిగతి యను ప్రశ్నయు పుట్టును. అందులకే ఈ క్రొత్త తెరలలో కొన్నింటి కడుపులోనే చిన్న బాటరీ పెట్టిరి.

ఇన్నియు ఉండి మాత్రమేమి? 1999 జూలై 16వ తేదీ రాత్రి మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు నడిపిన విమానము, ఇరువురు ప్రయాణికులతో సహా, సముద్రములో కూలినది. అందు మంచి స్వయంచోదకము కలదు. చీకటిలో, నీటిమీద, దిగ్భ్రమ వలన అదుపు తప్పెనని విచారణలో తేలినది. మా యభిప్రాయములో, నేటి యంత్రములపై నుండు "సమముగా నిలుపుము" అను ఒక్క మీట తక్కిన హంగు లన్నింటికంటె విలువైనది. దానిని నొక్కినచో విమానము రెక్కలు సరిచేసికొని నిలుకడ పొందును. అయితే నొక్కవలెనని తోచవలెను గదా.

మన దేశమున స్వంతవిమానములు అరుదు. కాని ఆకాశమునుండి దారి చూపు ఏర్పాటు మనకును ఉన్నది. ఇస్రోయు, విమానాశ్రయ ప్రాధికార సంస్థయు కలిసి నిర్మించిన గగన్ వ్యవస్థ ఉపగ్రహసంకేతములలోని దోషములను సవరించి, దిగుబాటలో ఎత్తును కూడ తెలుపును. 2022 ఏప్రిల్ 28వ తేదీన రాజస్థానమునందలి కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానము ఈ సాయముతో దిగినది. నేలమీద ఖరీదైన యంత్రములు నెలకొల్పలేని చిన్న విమానాశ్రయముల కిది ముఖ్యము.

మా వైద్యమిత్రుల మాట మిగిలినది. క్రొత్త యంత్రముతో రెండవ ప్రయాణమున, 5,000 అడుగులవద్ద ఆగవలెనని తెరపై అంకె పెట్టిరి. పైకెక్కు మీట నొక్కిరి. ఎంచిన యెత్తులో నిలుపు పద్ధతి మాత్రము సిద్ధము కాలేదు. తెర పైయంచున చిన్న అక్షరములలో ఆ సంగతి వ్రాసియే యున్నది, వారు చూడలేదు. విమానము 5,000 దాటి, 5,300 దాటి, ఎక్కుచునే యుండెను. నియంత్రణకేంద్రమువారు రేడియోలో పిలిచి అడిగిన పిదపగాని వారికి తెలియలేదట. మరునాడే ఒక శిక్షకుని కుదుర్చుకొని, బయటి దృశ్యము కనబడకుండ కన్నులకు ముసుగు పెట్టుకొని, పది గంటలు నేర్చుకొనిరి. "ముప్పదియేండ్లు ఎగిరితిని, మరల అక్షరాభ్యాసము చేయించుకొంటిని" అని వ్రాసిరి. ఆ జాబుతో పాటు పలక ఛాయాచిత్రమును పంపిరి. తెరల నడుమ, ఎడమప్రక్కన, పాత వేగమాపక మొకటి సూదితో సహా అట్లే యున్నది. దానిని మాత్రము తీయనీయలేదట.